పదివేల అడుగుల వ్రతము

టోక్యో ఒలింపిక్ క్రీడలు ముగిసిన మరుసటి యేట, అనగా 1965లో, జపానునందలి యొక వ్యాపారసంస్థ నడుమునకు దగిలించుకొను అడుగుల లెక్కయంత్రమును విక్రయింపనెంచి, వినుటకింపుగా నుండుననియే కాబోలు, దినమునకు 10,000 అడుగులను నియమమును ప్రచారము చేయగా, ఆ వ్యాపార ప్రకటన నేడు భాగ్యనగరమున స్మృతివాక్యమై వెలయుచున్నది. వీధి చివరి పాలకేంద్రమునకు స్కూటరుపై నేగు గృహస్థుడు, కె.బి.ఆర్. పార్కు వరకు కారులో బోయి, దానిని నిలుప చోటుకై అరగంట ప్రదక్షిణము చేసి, తుదకు నడకకు దిగుచున్నాడు. రాత్రి పదునొకండు గంటలకు మణికట్టుమీది గడియారము ఇంకను మున్నూరు అడుగులు కొఱతయని హెచ్చరింప, నిద్ర మానుకొని, ఆరోగ్యార్థమై మంచము చుట్టును దిరుగుచున్నాడు. (నిద్ర చాలలేదని తెల్లవారి చీవాట్లు పెట్టునదియు నా గడియారమే.)

ప్రపంచ ఆరోగ్యసంస్థవారు పెద్దలకు వారమునకు కనీసము 150 నిమిషముల మితవ్యాయామము చాలునన్నారు. దినమునకు ఇరువదిరెండు నిమిషములకు లోపే! అంత స్వల్పమైనదానికి ఖరీదైన బూట్లు కొనుటెట్లు, పొరుగువారికి జెప్పుకొనుటెట్లు? కనుకనే, కూరగాయలు తెండని ఇల్లాలు సంచి చేతికీయబోగా, నేటి అడుగులు పూర్తియైనవని మనవాడు సోఫాలో జేరగిలబడుచున్నాడు.