నోటీసు ఉందా బాబూ?

కరోనాలో అద్దె కట్టలేక జనం రోడ్డున పడకూడదని అమెరికా సర్కారు 4,650 కోట్ల డాలర్లు తీసి పెట్టింది.

2021 జులై ఆఖరుకు పంచింది? సుమారు 510 కోట్లు!

మిగతా సొమ్ము అప్పటికి ఎక్కడికీ పోలేదు. దరఖాస్తుల కింద చల్లగా కాపురముంది. దాన్ని ఖాళీ చేయమనే ఓనరు లేకపోయాడు మరి.

సాయం కావాలంటే చాలాచోట్ల ఆదాయ పత్రాలు, వీధిన పడబోతున్నారనడానికి రుజువు అడిగేవారు. ఇల్లు ఖాళీ చేయమన్న నోటీసైతే భేషుగ్గా చెల్లేది. అది లేనివాళ్లు ఓనరుగారి కాళ్లావేళ్లా పడి ఒకటి రాయించుకోవాల్సి వచ్చేది కాబోలు!

పాపం, ఖాళీ చేయించడంపై అప్పటికి నిషేధం ఉంది.

ఆగస్టు 26న సుప్రీంకోర్టు ఆ నిషేధాన్నీ ఎత్తేసింది.

ఇంకేం, రుజువులకు కరువు తీరింది!