అడ్మిన్‌గారి రామకోటి

పూర్వము మన గ్రామములలో చెరువు తూమునకు నీరుగంటి యని యొకడుండెడివాడు. ఏ మడికి ఎన్ని గడియలు నీరు పారవలెనో నిర్ణయించు అధికారము వానిది కాకపోయినను, తూము తెరచుటయు మూయుటయు వాని చేతిలోనుండుటచేత, పెదకాపు మొదలు పాలేరు వరకు అందరును వానిని మంచి చేసికొనియే కాలము గడిపెడివారు. నేటి కార్యాలయములలో అట్టి తూము స్విచ్చి. దీపము వెలిగించు స్విచ్చి కాదు. మెట్ల క్రింది గదిలో, ఇనుప ర్యాకులో, ఇరువదినాలుగు రంధ్రములతో, పచ్చని కన్నులు మిటకరించుచు కూర్చుండు పెట్టె. జీతముల లెక్కలు, మేనేజరుగారి ఉత్తరములు, వాకిటి కెమెరాలు చూచు దృశ్యములు, సర్వమును దాని కడుపులోనుండియే పోవలెను. దానిపై అధికారము చేజిక్కించుకొన్నవాడు, ఒక రంధ్రమున పోవు సమస్తమునకు నకలు తీసి మరియొక రంధ్రమునకు పంపుమని ఆజ్ఞాపించినచో, ఆ పెట్టె మారుమాటాడక పంపును. నకలు పోవుచున్నదని మొదటివానికి చెప్పదు. ఇంతటి తూమునకు మనవారు పెట్టిన కాపలా ఎట్టిదో కన్నులార చూచు భాగ్యము నాకు ఇటీవల కలిగినది. ఆ కార్యాలయము పేరు చెప్పను. చెప్పినచో తక్కిన కార్యాలయములవారు తమ పేరు విడిచితినని నొచ్చుకొందురు.

గడచిన దసరానాడు ఆయుధపూజలో పెట్టిన పసుపు కుంకుమ బొట్లు ర్యాకు మీద ఇంకను చెరగలేదు. నిమ్మకాయ మాత్రము ఎండి గోలీకాయ యైనది. తాళపుచెవి పోయి ఏడాది దాటినందున తలుపును నీలిరంగు కేబులు ముక్కతో కట్టిరి. ఆ తలుపు లోపలివైపున, టేపు క్రింద, ఒక చీటి. అందులో యూజరు అడ్మిన్ అనియు, పాస్‌వర్డు ఆ సంస్థ పేరు, దాని చెంత అట్ గుర్తు, దాని చెంత 123 అనియు, ముత్యములవంటి అక్షరములతో వ్రాసియున్నది.

“ఇదేమి బాబూ, ఇంత బహిరంగముగా?” అంటిని.

నెట్‌వర్కు ఇన్‌చార్జి యువకుడు నా అజ్ఞానమునకు జాలిపడి, “లోపల ఎన్‌క్రిప్ట్ అయ్యుంది సార్, ఏం భయం లేదు” అనెను. అని ఊరకుండక, కంప్యూటరు తెర మీద పాస్‌వర్డున్న పంక్తిని తెరచి చూపెను. ఎనేబుల్ పాస్‌వర్డ్ అని, పిదప 7 అని, పిదప అంకెలును అక్షరములును కలగలిసిన యొక వరుస.

ఈ ఏడవ రకపు గూఢలేఖనము మహిమను కొంత విస్తరించి చెప్పక తప్పదు. ఈ పెట్టెను తయారు చేసిన సిస్కో సంస్థవారి పెట్టెలలో, ఆంగ్లమున అయిదక్షరములైన ‘సిస్కో’ అను మాటనే పాస్‌వర్డుగా పెట్టి ఈ రీతిని దాచినచో, 060506324ఎఫ్41 అని కనబడవచ్చును. చూచుటకు గంభీరముగానే యున్నది. కాని పెట్టెలో ముందే అమర్చిన దీర్ఘమైన అక్షరమాలిక యొకటి కలదు; మొదటి రెండంకెలు, ఆ మాలికలో ఏ స్థానమునుండి ఆరంభింపవలెనో చెప్పు సూచన; తక్కిన పది గుర్తులును, రెండేసి చొప్పున, ఒక్కొక్క యక్షరము. ఆ మాలికయైనను పెట్టెకొకటి యుండునా యనిన, లోకములోని అట్టి పెట్టెలన్నిటికి ఒక్కటే; అది గత శతాబ్దములోనే వీధిన పడినది. అనగా తాళము వేసి, తాళపుచెవి తులసికోట క్రింద నున్నదని తాళము మీదనే చెక్కించుట. విజినేర్ అను పదునారవ శతాబ్దపు ఫ్రెంచివాని పేర ప్రసిద్ధమైన పద్ధతికి ఇది చుట్టము. ఆ పద్ధతి గుట్టును కసిస్కి అను ప్రష్యా సైనికాధికారి 1863లో పుస్తకము వేసి రట్టు చేసెను. మన పిల్లలు ప్రతి యక్షరమునకు ముందు ‘క’ చేర్చి, పెద్దలకు తెలియదనుకొని వారి యెదుటనే మాటలాడుకొను క-భాషకు దీనికంటె రవ్వంత గౌరవ మెక్కువ. అది పట్టుటకు చెవి యైనను కావలెను. దీనిని విప్పు సాధనములు వెలలేకుండ దొరకును, క్షణము పట్టదు. తయారు చేసిన సంస్థవారే, ఇది ప్రక్కన నిలిచి తొంగిచూచువాని కన్ను కప్పుటకే గాని పట్టుదలగల చోరు నాపుటకు కాదని చెప్పుకొనినను, మనవారు మాత్రము వారికంటె వారి సరకునందు ఎక్కువ విశ్వాసము గలవారు.

ఆ పెట్టెలోనే ‘సీక్రెట్’ అను వేరొక ఆజ్ఞ యున్నది. దానితో ఎనిమిదవ రకముగానో తొమ్మిదవ రకముగానో దాచిన పాస్‌వర్డు తిరుగలిలో పడిన బియ్యము వంటిది. పిండిని చూచి గింజను మరల చేయలేరు. దొంగ ఒక్కొక్క గింజయే తెచ్చి విసరి పోల్చుకొనవలెను. ఖర్చు లేదు. ఒక్క పంక్తి వ్రాయవలెను. బహుశః అందుచేతనే ఎవరును వ్రాయరు. ఖర్చు కాని రక్షణమునకు బిల్లు పెట్టుటకు వీలులేదు గదా!

ఇక పెట్టెను దూరమునుండి ఏలుటకు వారు వాడునది టెల్నెట్టు. 1983లో దీనికి ప్రమాణగ్రంథము వ్రాసిన పెద్దల నేమియు అనరాదు. ఆనాటి జాలములో ఒకరినొకరు ఎరిగినవారే యుండిరి. అందులో పాస్‌వర్డు ముసుగు లేక పోవును. టముకు వేయించి రహస్యము చెప్పినట్లు, దారిలోనున్నవాడెల్ల వినవచ్చును. హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయములో పాస్‌వర్డులను ఇట్లే ఎవరో వినుచుండగా, విసిగిన టాటు యులెనెన్ అను ఫిన్లండువాడు 1995లో సర్వమును ముసుగుతో పంపు ఎస్సెస్‌హెచ్ అను మార్గమును కల్పించెను. నేటికి ముప్పదేండ్లు. “మన స్విచ్చిలో అది లేదా?” అంటిని. “ఉంది సార్. అలవాటు లేదు.” ఇంత నిజాయితీగల సమాధానము నేను ఏ కార్యాలయములోను వినలేదు.

ప్రవేశించువానికి మొట్టమొదట కనబడు హెచ్చరిక మాత్రము అద్భుతము. అనధికార ప్రవేశము నేరమనియు, చట్టరీత్యా చర్య తప్పదనియు, చుట్టును నక్షత్రపు గుర్తుల హారముతో ఘోషించుచుండును. హెచ్చరిక యుండవలసినదే, రేపు వ్యాజ్యమున పనికివచ్చును. కాని ‘కుక్కలున్నవి జాగ్రత్త’ యను పలక వ్రేలాడదీసినవాడు కుక్కను గూడ తెచ్చునని వీధివారు ఆశింతురు.

సారస్యమంతయు లాగు పుస్తకములో, అనగా ఎవరెప్పుడు ప్రవేశించిరో పెట్టె వ్రాసికొను పద్దులో, నున్నది. కేంద్ర ప్రభుత్వపు కంప్యూటరు భద్రతాసంస్థ యైన సెర్ట్-ఇన్ వారు 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశముల ప్రకారము లాగులను 180 దినములు భద్రపరుపవలెను. వీరు తూచ తప్పక భద్రపరచిరి. తెరచి చూచితిని గదా, ఉదయము అడ్మిన్, మధ్యాహ్నము అడ్మిన్, అర్ధరాత్రి అడ్మిన్. ఎవరో పరమభక్తుడు కూర్చుండి రామకోటి వ్రాసినట్లున్నది. ఆ పేరు నెరిగినవారు కార్యాలయములో పదునొకండుగురు, వెలుపల ఎందరో పెరుమాళ్ళ కెరుక. ఒకమారు లెక్కల విభాగమువారి వీలాన్‌ను, అనగా పెట్టెలో వారికై వేరుచేసిన జాలభాగమును, ఎవరో చెరిపివేయగా, విచారణసంఘము కూర్చుండి, మూడు సమావేశములు జరిపి, టీ త్రాగి, ఈ పని చేసినది అడ్మిన్ అని ఏకగ్రీవముగా తేల్చినదట. అడ్మిన్‌కు మెమో ఇచ్చుటకు చిరునామా దొరకలేదు.

“ఒక్కొక్కరికి వేరు పేరు పెట్టరాదా? టకాక్స్ ప్లస్సో రేడియస్సో ఒక సర్వరు నిలిపినచో, వచ్చినవాడెవడు, ఏమి చేయుటకు తగును, ఏమి చేసెను, మూడును అదియే చూచుకొనును గదా” అంటిని. “ఆ సర్వరు పడిపోతే ఏం చేస్తాం సార్? పైగా ఎవరైనా ఉద్యోగం మానేసి పాస్‌వర్డు పట్టుకుపోతే?” అనెను. ఈ భయమునకు దృష్టాంతము లేకపోలేదు. 2008లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరపాలన జాలమునకు తానొక్కడే తాళపుచెవియై కూర్చున్న ఉద్యోగి యొకడు, పై అధికారులకు పాస్‌వర్డులు చెప్పనని చెరసాలకు పోయి, తుదకు అచ్చటనే మేయరు గావిన్ న్యూసమ్ స్వయముగా రాగా గాని చెప్పలేదు. అతనికి 2010లో నాలుగేండ్ల శిక్ష పడినది. అచ్చట ఒక్కనికే తెలియుట విపత్తు, ఇచ్చట ఊరందరికి తెలియుట విపత్తు. అచ్చటి విపత్తు ఇచ్చట లేదని మనవారు సంతోషించుచున్నారు! సర్వరు పడినప్పుడు వాడుటకు, పెట్టెలోనే ఒక అత్యవసరపు ఖాతా పెట్టి, దాని పాస్‌వర్డును లక్కముద్ర వేసిన కవరులో బీరువాయందుంచి, విప్పిననాడెల్ల మార్చుట అను ఆచారము నెట్‌వర్కువారిలో ఎప్పటినుండియో యున్నది. ఇచ్చట బీరువా కలదు. అందులో దీపావళి మిఠాయి డబ్బాలున్నవి.

నేను సెలవు తీసికొనుచు, “నాయనా, నేనును చూచితిని, నేను వెలుపలివాడను. కనుక ఈ పూటకైన ఆ పాస్‌వర్డు మార్చుము” అని వేడితిని. అతడు మర్యాదస్తుడు. వెంటనే నా యెదుటనే మార్చి, మరచిపోకుండ చీటిలో 123 ప్రక్కన 4 చేర్చి, టేపు మరల అంటించెను.