గోడరాతకు టీకా తాత్పర్యాలు

మూలం: పనివాళ్లు కావలెను. రోజుకు ₹500. నెలకు ₹15,000. ఏడాదికి ₹1,80,000. భోజనం మీదే.

అవతారిక: గరివిడిలో ఏ గోడ మీదైనా ఎర్ర రంగుతో కనిపించదగిన ఈ పంచవాక్య గ్రంథానికి కర్త అజ్ఞాతుడు. ఇలాంటివాటికి ఎవరూ పేరు పెట్టుకోరు. శైలి ద్రాక్షాపాకం, లెక్క నారికేళపాకం.

ప్రతిపదార్థం: రోజుకు = మేస్త్రి హాజరు వేసిన రోజుకు; ₹500 = ఐదు వందలు, మధ్యాహ్నం వాన పడితే అందులో సగం, నాగా అయితే సున్న; నెలకు = ఆదివారాలతో సహా ముప్పై పొద్దులకు; ఏడాదికి = (ఈ పదం దగ్గరే వ్యాఖ్యాతలు కొట్టుకుంటారు, కింద చూడుడు); భోజనం మీదే = క్యారేజీ ఇంటి నుంచి తెచ్చుకోవలెను.

పూర్వపక్షం: ఐదు వందలను ముప్పైతో, వచ్చినదాన్ని పన్నెండుతో గుణిస్తే లక్షా ఎనభై వేలు రానే వస్తుంది కదా, ఇందులో దోషమేమి?

సమాధానం: గుణకారంలో లేదు, ముప్పైలో ఉంది. ఆదివారం పని లేదు, కూలి లేదు అన్నచోట నెలంటే 26 రోజులే. అప్పుడు నెలకు ₹13,000, ఏడాదికి ₹1,56,000. తక్కిన ₹24,000 గోడ మీదే ఉండిపోతుంది. కాదు, నెలకు పదిహేను వేలూ నిజంగానే ఇస్తాడందామా? అలాగైతే దాన్ని 26తో భాగించి చూడండి, రోజు కూలి ₹577 పడుతుంది. అంటే రెండో వాక్యం నిజమైతే మూడోది అబద్ధం, మూడోది నిజమైతే రెండోది అబద్ధం.

ఈ 26 నా కల్పన కాదు. 1972 నాటి గ్రాట్యుటీ చట్టంలో నెల జీతగాడి పదిహేను రోజుల వేతనం కట్టేటప్పుడు జీతాన్ని 26తో భాగించి 15తో గుణించాలని వివరణ చేర్చారు. పదిహేను వేల జీతానికి ముప్పైతో భాగిస్తే సర్వీసు ఏడాదికి ₹7,500, ఇరవయ్యారుతో భాగిస్తే ₹8,654. నెలలో ఆదివారాలు ఎవరివన్న తగవు ఇంత ఖరీదైనది.

ఇక ‘ఏడాది’. క్యాలెండరుకు 365 రోజులు. ఆదివారాలు తీసేస్తే 313. 2025 దాకా అమల్లో ఉన్న పారిశ్రామిక వివాదాల చట్టానికి 240 రోజులు పనిచేస్తే ఏడాది సర్వీసు నిండినట్టే, గనిలో భూమి కిందైతే 190 చాలు. ఫెర్రో అల్లాయ్స్ కొలుములున్న గరివిడి లాంటి ఊరికి ఈ లెక్క కంఠతా రావాలి. కొలిమికి కరెంటే ప్రాణం. కరెంటు చార్జీ మోయలేక కొలిమి ఆపేస్తే లే-ఆఫ్. అప్పుడు మూలవేతనం, కరువు భత్యంలో సగం చేతికొచ్చేది మస్టర్ రోలులో పేరుండి ఏడాది నిండినవాడికే. క్యాజువల్‌గా వచ్చినవాడికి అదీ లేదు. 2025-26లో ఉపాధి హామీకి ఏడాదంటే 100 రోజులు, అవీ మనిషికి కాదు, ఇంటికి. ఆ ఏడు మన రాష్ట్రంలో ఆ కూలి ₹307. వంద రోజులూ దొరికితే ఇంటిల్లిపాదికీ ‘వార్షిక వేతనం’ ₹30,700.

విశేషాంశం: అమెరికాలో గంట కూలిని వార్షికం చేయడానికి వారానికి 40 గంటలు, 52 వారాలు, మొత్తం 2,080తో గుణించడం వాడుక. అక్కడి ఫెడరల్ ప్రభుత్వం 2,087 అంటుంది. క్యాలెండరు 28 ఏళ్లకోసారి చుట్టు తిరిగి వస్తుంది గనుక ఆ మొత్తానికి సగటు కట్టారు. ఏడు గంటల కోసం ఇరవై ఎనిమిదేళ్లు తిరగేసిన ఆ పట్టుదలకు నమస్కారం. మన గోడకవి సంక్రాంతికి నాలుగు రోజులు, పైడితల్లమ్మ సిరిమానుకు ఒక రోజు నాగా పడుతుందనైనా తలచలేదు.

తాత్పర్యం: రోజుకూలీకి ఏడాది జీతం చెప్పేవాణ్ణి మొదట ఎన్ని రోజులు పని చూపిస్తావో అడగవలెను.

ప్రయోగం: ఒక కూలీ మేస్త్రిని అడిగెను, “నెలకి పదిహేనేలన్నారు గదా బాబూ, మరి ఆదివారం డబ్బులిత్తారా?”

మేస్త్రి: “ఆదివారం పన్లోకొత్తావేటి?”