సముద్రానికి సిఫారసు లేఖ

తిరుపతిలో కాపురముండేవాడి ఉద్యోగం ఏదైనా కావచ్చు, ఉపవృత్తి మాత్రం ఒకటే. చుట్టపక్కాలందరి ప్రయాణాలకూ ఏర్పాట్లు చూడడం. తోడల్లుడి తమ్ముడి మామగారికి మన పేరు సరిగా తెలియకపోయినా మన ఫోన్ నంబరు తెలుస్తుంది. "కొండమీద మీకు తెలిసినవాళ్ళెవరన్నా ఉన్నారా?" అన్నది పలకరింపు. "లెటరేమన్నా దొరుకుతుందా?" అన్నది కుశలప్రశ్న. 300 రూపాయల టికెట్లు ఎప్పుడు వదుల్తారు, టోకెన్లు ఎక్కడిస్తారు, అలిపిరి దోవలో 3,550 మెట్లెక్కడం మేలా, శ్రీవారి మెట్టు దోవలో 2,388 ఎక్కడం మేలా, మోకాళ్ళ నొప్పులవాళ్ళు ఏం చెయ్యాలి, ఇవన్నీ మా ఇంట్లో ఏడో తరగతి పిల్లకు కూడా కంఠతా వచ్చు.

ఇంత ప్రజ్ఞ గల కుటుంబం తన కోసం, అదీ పొద్దున పోయి రాత్రికి తిరిగొచ్చేటట్టు, సముద్రం చూసొద్దామనుకుంది. మా బావ వేసిన మొదటి ప్రశ్న: "ఆడ మనకు తెలిసినోళ్ళు ఎవురుండారు?"

"సముద్రం దగ్గర తెలిసినోళ్ళు దేనికి బావా?"

"ఆదివారం రష్షుంటాదబ్బా. ఒక మాట చెప్పించుకుంటే మంచిది గదా."

మా మేనత్తది ఇంకో అనుమానం. సముద్రాన్ని ఎన్ని గంటలకు తెరుస్తారు, మధ్యాహ్నం మూస్తారా అని. సముద్రానికి తలుపుల్లేవని చెప్పాను. ఆమె నమ్మలేదు. తలుపులు లేక, క్యూ లేక, టికెట్టు లేక ఊరికే చూడనిచ్చే దేన్నీ తిరుపతిలో పుట్టి పెరిగిన మనిషి ఒక పట్టాన నమ్మదు.

అసలు మా ప్రాంతానికి సముద్రంతో చుట్టరికం కొత్తది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పటినుంచీ గుట్టలు, మామిడి తోపులు, వానొస్తే నిండి లేకపోతే నెర్రెలిచ్చే చెరువులే మా సొత్తు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలొచ్చాయి. తిరుపతి విడిగా ఒక జిల్లా అయింది. నెల్లూరు జిల్లాలో ఉండే సూళ్ళూరుపేట, నాయుడుపేట, వాకాడు మావైపు వచ్చి చేరాయి. వాటి వెంట పులికాట్ సరస్సు, శ్రీహరికోట, బంగాళాఖాతం ఒడ్డు కొంత కూడా వచ్చేశాయి. తిరుపతివాళ్ళం మంచం దిగకుండానే సముద్రతీరవాసులమైపోయాం. పలమనేరు దగ్గర సేద్యం చేసుకునే మా పెద్దనాయన చిత్తూరు జిల్లాలోనే మిగిలిపోయాడు. ఆయనకు ఈ పంపకం ఇప్పటికీ మింగుడు పడలేదు. "దేవుడూ మీకే, సముద్రమూ మీకే. మాకేమో తోతాపురి కాయలు. అవి కొనే నాథుడు లేడు," అంటాడు.

సముద్రం ఏ ఊళ్ళో చూడాలన్నది తేలలేదు. మా ఆవిడ, పిల్లలు మద్రాసు పక్షం. పేరు చెన్నై అయినా మావైపు పెద్దవాళ్ళకు అది మద్రాసే. పొద్దున్నే రైలెక్కితే మెరీనా చూసి రావచ్చునని వాళ్ళ వాదన. నేను ఒప్పుకోలేదు. మెరీనాకని బయల్దేరిన తిరుపతి కుటుంబం ఏదీ టీ నగర్ దాటి సముద్రం దాకా పోయిన దాఖలా నాకు తెలిసి లేదు. చీరల కొట్లోనే పొద్దు గూకుతుంది.

వేలూరునుంచి వచ్చిన మా వదిన మహాబలిపురం అంది. పల్లవ రాజసింహుడు కట్టించిన తీరాలయం, అర్జునుడి తపస్సు, కొండవాలులో దొర్లకుండా నిలబడ్డ వెన్నముద్ద బండ, 1984లో యునెస్కో ఇచ్చిన గుర్తింపు, అన్నీ చక్కగా చెప్పుకొచ్చింది. మేనత్త ఓపిగ్గా విని, "ఆ గుళ్ళో పూజ జరగతాదామ్మే?" అంది.

"లేదత్తా. పురావస్తు శాఖోళ్ళ చేతిలో ఉండాది."

"పూజ లేని గుడికి ఇంత డీజిలు పోసుకొని యాల పోవాల?"

మహాబలిపురం ముచ్చట అంతటితో సరి.

మా చిన్నాయన చంద్రగిరిలో సోషల్ మాస్టారుగా రిటైరయ్యాడు. వాకాడు దగ్గరి తూపిలిపాళెం బీచికి పోదామని నేననగానే ఆయన లోపలి మాస్టారు లేచి కూర్చున్నాడు. "దాని పక్కనే గదరా దుగ్గరాజపట్నం ఉండేది. ఇంగ్లీషోళ్ళు ఆర్మగాన్ అని పేరు పెట్టుకొని, మద్రాసు కంటే ముందు ఆడే వర్తకం పెట్టినారు. బేరం సాగలేదు. ఫ్రాన్సిస్ డే అనేవాడు 1639లో దామెర్ల నాయకుల దగ్గర మద్రాసు నేల సంపాదించుకొన్నాడు. ఆ నాయకులు మన చంద్రగిరి రాయలకు సామంతులు. ఓడలేసుకొని వచ్చిన దొరలే వద్దని లేచిపోయిన చోటికి మనం పులిహోర మోసుకొని పోయేదేంది?"

చరిత్రతో ఇదే చిక్కు. ఏ పక్షానికైనా సాక్ష్యం పలుకుతుంది. మన చంద్రగిరివాళ్ళ చలవతో పుట్టిన ఊళ్ళో మనం పార్కింగుకు డబ్బులు కట్టడమేమిటని బావ అదే చరిత్రను అటు తిప్పాడు. మద్రాసు వీగిపోయింది. బాడుగ బండికి తమిళనాడు పర్మిట్ లేదని డ్రైవరు చెప్పడం కూడా కొంత కారణమనుకోండి.

శ్రీహరికోటకు పోదామని పిల్లలు చివరిదాకా పోరారు. రాకెట్టు ఎగిరే రోజున ముందే పేరు నమోదు చేసుకుంటే ఇస్రోవాళ్ళు గ్యాలరీలో కూర్చోబెట్టి చూపిస్తారు. మామూలు రోజున అక్కడి సముద్రం మన జిల్లాదే గానీ మనకు కాదు. రాకెట్టు వాయిదా పడితే ఏం చేస్తామన్నాను. మా ఇంట్లో బావ స్నానమే నాలుగు సార్లు వాయిదా పడుతుంది, రాకెట్టుదేముంది.

ఇక తిథివారాలు. ఇక్కడ మేనత్త మాటకు తిరుగులేదు. పంచాంగం ముందేసుకొని కళ్ళజోడు సర్దుకుంది. శనివారం, సోమవారం తూర్పుకు వారశూల. సముద్రమేమో మాకు తూర్పున తప్ప ఇంకో దిక్కున లేదు. మంగళ, బుధ, గురువారాలు శూల అడ్డం రాదు గానీ ఆఫీసు, బడి అడ్డమొస్తాయి. ఆదివారం తూర్పుకు పోవచ్చు. కానీ ఆదివారం పడమటికి శూల, తిరిగొచ్చేది పడమటికే. అంటే శాస్త్రప్రకారం సముద్రానికి పోవచ్చు, అక్కడే ఉండిపోవాలి. పైగా సముద్రాన్ని ఊరికే తాకరాదట, పర్వదినాల్లోనే తాకాలట. అమావాస్య పర్వమే. ఆ రోజు ప్రయాణం కట్టరాదు. "మా అరవోళ్ళకు అమావాస్య కంటే మంచి దినం లేదత్తా," అని వదిన అందుకుంది. ఒకే అమావాస్య వేలూరులో మంచిది, తిరుపతిలో చెడ్డది. నడుమ ఉన్న చిత్తూరులో దాని గతేమిటో నాకిప్పటికీ అంతుబట్టదు.

ఆదివారం చిక్కు విప్పింది పెద్దనాయన. "ఇంటికి తిరిగొచ్చేది ప్రయాణం కాదుమే. ఎద్దు సాయంత్రం కొట్టానికి వస్తాది, పంచాంగం చూసి వస్తాదా?" అన్నాడు. ఎద్దు మాట కాబట్టి మేనత్త కాదనలేకపోయింది. ఆదివారం ఖాయమైంది, అదీ పెరటాసి నెల వెళ్ళాక. పెరటాసిలో మావైపు నీసు ముట్టరు. సముద్రం దాకా పోయి చేప తినకుండా వచ్చేటట్టయితే నన్ను పిలవొద్దని పెద్దనాయన ముందే తెగేసి చెప్పాడు.

దోవ గురించి కూడా ఒక రాత్రంతా చర్చ జరిగింది. దగ్గరి దోవ శ్రీకాళహస్తి మీద. ఆ దోవన పోతూ గుళ్ళోకి పోకుండా ఎట్లా అంది మేనత్త. కాళహస్తి దర్శనమయ్యాక ఇంకెక్కడా ఆగకుండా నేరుగా ఇంటికి పోవాలన్నది మావైపు గట్టి నమ్మకం. పొద్దున ఎనిమిదికి దర్శనం చేసుకుంటే తొమ్మిదిన్నరకు మళ్ళీ తిరుపతిలోనే ఉంటాం. పోనీ పుత్తూరు మీదుగా చుట్టు తిరుగుదామని బావ అన్నాడు. అలల్లో పడి ఎవరి కాలైనా విరిగితే పుత్తూరు కట్టు కట్టించుకొని వచ్చేయొచ్చని ఆయన ముందుచూపు. ఆ వైపునే నాగలాపురంలో వేదనారాయణ స్వామి ఉన్నాడు, రాయలవారు తల్లి పేరుమీద వెలయించిన ఊరది. సముద్రంలో దాచిన వేదాలను తెచ్చిన మత్స్యావతారం కాబట్టి సముద్రం సగం చూసినట్టేనని చిన్నాయన తీర్మానించాడు. మిగిలిన సగం చూడ్డానికి మాత్రం కాళహస్తి దోవే నిలిచింది. గుడి తిరుగుదోవలో.

బావ ఈలోగా ఊరుకోలేదు. ఎవరో నాయకుడి పీఏ ద్వారా వాకాడులో ఒకాయన నంబరు పట్టాడు. ఫోను స్పీకర్లో పెట్టి, పెద్ద కుటుంబం వస్తోంది, కొంచెం చూసుకోవాలని వినయంగా చెప్పాడు. ఆయన అంతా విని, "రాండి సార్. సముద్రం ఆడే ఉంటాది," అన్నాడు. బావకు అది కొండంత భరోసా.

ముందు రోజు రాత్రి వంటింట్లో మా అమ్మ ఎవర్నీ అడుగు పెట్టనివ్వలేదు. చింతపండు గుజ్జును నువ్వుల నూనె పైకి తేలేదాకా ఉడికించింది. వేయించి దంచిన నువ్వులు, ధనియాలు, ఎండుమిరపకాయల పొడి ఒక డబ్బాలో. వేరుశనగపప్పులు మెత్తబడతాయని విడిగా పొట్లంలో, తినేముందు కలపాలి. పెరుగన్నానికి పాలే ఎక్కువ పోసి తోడుకు ఒక్క చెంచా పెరుగు వేసింది, మధ్యాహ్నానికి సరిగ్గా తోడుకుంటుంది, పులవదు. నీళ్ళు స్టీలు సీసాల్లో నింపుతుంటే, ప్లాస్టిక్ సీసాలు ఉన్నాయి కదమ్మా అన్నాను. "చెకింగులో పారేపిస్తార్రా," అంది. అలిపిరి దాటి పోయే ఇంట్లో ఆ భయం నీళ్ళతోపాటే నిండుతుంది.

నాలుగున్నరకు బయల్దేరాల్సిన బండి ఏడుకు కదిలింది. మా బండి వాయిదా పడ్డ కారణాలు రాయాలంటే ఇంకో వ్యాసం కావాలి.

తూపిలిపాళెంలో హడావిడేమీ లేదు. ఇసక, సరుగుడు చెట్లు, ఒడ్డున పడవలు, వలలు బాగుచేసుకునే మనుషులు, ఎదురుగా నీళ్ళు. పిల్లలు చెప్పులిప్పి పరిగెత్తారు. మేనత్త చెప్పులు బండిలోనే వదిలి, ఇసక కాలుతున్నా సరే, చేతులు జోడించుకొని నడిచింది. తాకరాదు కాబట్టి నీళ్ళు నెత్తిన చల్లుకునే ఉద్దేశం లేదంది. అలే వచ్చి నడుం దాకా తడిపిపోయింది. అది మన దోషం కాదని వదిన తీర్పు చెప్పింది.

పెద్దనాయన నడుం మీద చేతులు పెట్టుకొని చాలాసేపు చూశాడు. వెయ్యి అడుగులు బోరు దించినా దుమ్ము తప్ప చూడని మనిషి.

"మొత్తం ఉప్పునీళ్ళేనా?"

"మొత్తం, పెద్దనాయనా."

"ఇన్ని నీళ్ళుండి ఒక్క మడి పారదా! థూ," అని వెనక్కి తిరిగి పడవల దగ్గరికి పోయాడు.

అరగంటకు అక్కడ ఒక జాలరాయనా ఆయనా పడవ నీడన చేరి, చిన్నప్పటినుంచీ ఎరిగినవాళ్ళలా మాట్లాడుకుంటున్నారు. ఇంజనుకు డీజిలు ఎంత, పట్టుబడి లేని రోజు గతేమిటి, వేలంలో ధర ఎవడు చెప్తాడు. "మదనపల్లిలో టమాటాకూ అంతేనబ్బా. పండించేది మనం, రేటు చెప్పేది ఇంకోడు," అంటున్నాడు పెద్దనాయన. లేచి వచ్చేటప్పుడు ఆయన చేతిలో థర్మాకోల్ పెట్టె, లోపల ఐసు, ఐసులో వంజరం.

ఆ పెట్టెతో కాళహస్తి గుడికి ఎట్లా పోవడమన్నది నాయుడుపేట దాకా నడిచింది. చేపను పారెయ్యమని మేనత్త. గుడిని వచ్చేసారి చూద్దామని పెద్దనాయన. ఇంటికి నేరుగా పోవాలన్న నియమం చేపకు కూడా మంచిదేనని చిన్నాయన. చివరికి డ్రైవరే బండిని గుడికి దూరంగా, స్వర్ణముఖి ఇవతలే ఆపి, "పెద్దాయన, పెట్టె ఈడుంటారు. మీరంతా ఆటోల్లో పోయి రాండి," అన్నాడు.

దర్శనమై వచ్చేసరికి పెద్దనాయన ఏసీ వేయించుకొని, పెట్టె మీద కాళ్ళు చాపుకొని గుర్రు పెడుతున్నాడు. మేనత్త తట్టి లేపింది. ఆయన ప్రసాదానికి చెయ్యి చాపాడు.

"చేప ముట్టిన చేత్తోనా?"

పెద్దనాయన ఆ చెయ్యి వెనక్కి తీసుకొని, కళ్ళు మూసుకొని, భక్తిగా నోరు తెరిచాడు.