గోడకేసి కొట్టిన కప్ప

ఇంగ్లిషు పుస్తకాల అంగట్లో పెద్దల అద్భుత కథలనే సరుకు దండిగా అమ్ముడుపోతోంది. సిండ్రెల్లా ఆఫీసులో గుమాస్తా, రాకుమారుడు ఆ కంపెనీ యజమాని. తోడేలుకు కండలు తిరిగిన ఛాతీ, చిన్నప్పటి మనసు గాయం. నాలుగు జోకులు, మూడు పడకగది ఘట్టాలు, చివర్న పెళ్లి. ఇవి చిన్నపిల్లల కథలు కావంటూ అట్ట మీద హెచ్చరిక కూడానూ!

అసలువి మాత్రం పిల్లల కథలని ఎవరన్నారు? నేపుల్స్ రచయిత బసీలె పోయాక 1634-36లో అచ్చయిన సంపుటిలో నిద్రపోయే సుందరి పేరు తాలియా. రాజుగారు ముద్దు పెట్టి లేపరు. స్పృహలేని మనిషిని చెరిచి, ఇంటికెళ్లి, మరిచిపోతారు. ఇంట్లో రాణిగారున్నారు మరి! తాలియా నిద్రలోనే కవలల్ని కంటుంది. పాల కోసం తడుముకుంటూ ఒక బిడ్డ ఆమె వేలు చప్పరిస్తే, అందులో గుచ్చుకున్న నారపుల్ల ఊడివచ్చి మెలకువ వస్తుంది. తర్వాత రాణిగారు ఆ పిల్లల్ని వండి రాజుకు వడ్డించమంటారు. వంటవాడు దయగలవాడు కనుక మేకపిల్లలతో సరిపెట్టాడు.

గ్రిమ్ సోదరుల మొట్టమొదటి కథలో కప్పకు ముద్దే లేదు. పక్కలో చోటిమ్మని సతాయిస్తే రాకుమారి దాన్ని ఎత్తి గోడకేసి కొడుతుంది. 1812 కూర్పులో రాపుంజెల్, నా బట్టలెందుకు బిగుతవుతున్నాయని అమాయకంగా అడిగి, కడుపుతో ఉన్నట్టు దొరికిపోతుంది. తర్వాతి కూర్పుల్లో ఆ ప్రశ్నను తీసేశారు. ఇప్పటివాళ్లు పడకను తిరిగి తెచ్చారు సరే, రాపుంజెల్ కథలో దాని వెనకాలే వచ్చే కవలలూ, అడవిపాలవడమూ, ముళ్లు గుచ్చుకుని గుడ్డివాడై తిరిగే ప్రియుడూ ఎక్కడ? సరస కథల శుకసప్తతి ఉన్న భాషవాళ్లం, మనకు ఈ సరసం ఎలాగూ చప్పగానే ఉంటుంది.

1697లో ఫ్రెంచి రచయిత పెరో రాసిన కథలో తోడేలు ఎర్రటోపీ పిల్లను మింగేస్తుంది. కాపాడే వేటగాడు రాడు. తియ్యగా మాట్లాడే తోడేళ్లే ప్రమాదమని కింద నీతి. ఇప్పటి నవలల్లో ఆ తియ్యగా మాట్లాడే తోడేలే కథానాయకుడు!

తిరగరాయడం తప్పని కాదు. ఇంగ్లిషు రచయిత్రి ఏంజెలా కార్టర్ 1979లోనే ఒక కథల సంపుటిలో చేసి చూపించింది. పెళ్లాల్ని చంపే నీలిగడ్డపు మొగుణ్ని ఆమె కథలో పెళ్లాం తల్లి గుర్రమెక్కి వచ్చి రివాల్వరుతో కాల్చిపారేస్తుంది. అదే సంపుటిలో బూట్ల పిల్లి కథ నిండా నవ్వే, సరసమే. కాకపోతే పిల్లి కాలికి తగిలి మెట్లమీంచి దొర్లిన ముసలి మొగుడి శవం పక్కనే ఉంటుంది. పెద్దల కథంటే అది. తక్కినవి పెళ్లి శుభలేఖలు.

డబ్బులు ఎక్కువై కొనాలనిపిస్తే, గ్రిమ్ తొలి కూర్పునే కొనుక్కోండి. జాక్ జైప్స్ ఇంగ్లిషు అనువాదం 2014లో వచ్చింది. పిల్లలకు అందకుండా పై అరలో పెట్టండి.