కుడి మోకాలి పైన ఉండేదాన్ని

ఆదిలాబాద్ జిల్లాలో పత్తి పండించే ఇంటి పోరడి కుడి కాలిలో ఉండేదాన్ని. తొడ ఎముక కింది కొసన కొన్ని మిల్లీమీటర్ల మందాన మృదులాస్థి పొర. డాక్టర్లు గ్రోత్ ప్లేట్ అంటారు. ఇంట్లోవాళ్లకు నేనున్నట్టే తెలియదు. పోరడు పొడుగవుతుంటే అవ్వ "అంతా వాళ్ల తాత పోలికే" అని మురిసేది. తాత గోడమీద పటంలో ఉన్నాడు. పని చేసింది నేను.

తొడ ఎముక పొడవులో దాదాపు 70 శాతం నా చలవే, ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు. మోకాలి వైపు అంచున నా మూలకణాలు ఉండేవి. వాటి పిల్లకణాలు పైసలు పేర్చినట్టు వరుసకట్టి, ఉబ్బి, సున్నం పట్టి, ఎముకకు చోటిచ్చేవి. ఈ మూలకణాల సంగతి మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్లు 2018లో ఎలుకల్లో చూపించారు. మేం మాత్రం ఎవరూ చూడకముందు నుంచీ చేస్తున్నదే.

పోరడికి పదేళ్లు. పత్తి లోడు మీద కూర్చోవడమంటే సంబురం. ట్రాక్టర్ గుంతలో పడేసరికి పైనుంచి జారి నిలువునా కాళ్లమీద పడ్డాడు. ఒంటి బరువంతా నా మీదే. నలిగిపోయాను.

ఎక్స్‌రే తీశారు. మృదులాస్థి అందులో పడదు, నేనున్న చోట నల్లటి గీత వస్తుంది, అంతే. ఆ గీత ఎప్పటిలాగే ఉంది. "బొక్క ఇరగలే, బెణికింది" అన్నారు. టొరంటోలో సాల్టర్, హారిస్ అనే డాక్టర్లు 1963లోనే మా గాయాలను అయిదు రకాలుగా విడదీశారు. నలిగే రకం అయిదోది, మొదట్లో పట్టుకోవడం కష్టమనీ చెప్పారు. ఇక్కడ మాత్రం పసరు కట్టు కట్టించారు. నొప్పి పోయింది, కట్టు విప్పారు, నన్ను మరిచారు. కొన్ని నెలలాగి మళ్లీ చూపించమని ఎవరూ అనలేదు. అన్నా పత్తి ఏరడం వదిలి వచ్చేవారా, ఏమో!

నలిగిన చోటును శరీరం ఖాళీగా ఉంచదు, ఎముకతో పూడుస్తుంది. నా నడుమ ఎముక వంతెన లేచి, అటునూ ఇటునూ బిగించేసింది. ఎడమ కాలు పెరుగుతూనే ఉంది. బడి ప్యాంటు కుడి అంచు నేలకు రాస్తోందని అవ్వ టైలర్‌ను తిట్టింది. అతను టేపు పట్టి రెండు కాళ్లూ కొలిచి, ప్యాంటు సరిగానే ఉందన్నాడు. నా సంగతి మొదట బయటపెట్టింది ఆ టైలరే.

అప్పుడెవరో హైదరాబాద్‌లో స్టెమ్ సెల్ సూది, అంటే మూలకణాల సూది వేస్తే కాలు పెరుగుతుందన్నారు. బాపు ఎకరం అమ్మడానికి సిద్ధపడ్డాడు. నాక్కూడా ఆశ పుట్టింది, అబద్ధమెందుకు? హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో 2001 నుంచి కాలిన కళ్లకు మూలకణాలతో చూపు తెప్పిస్తున్నారు. అవ్వ శుక్లం తీయించుకున్న ముధోల్ ఆసుపత్రీ వాళ్లదే. కంటికి దక్కింది కాలికెందుకు దక్కదని కుళ్లుకున్నాను.

కంట్లో కణాలు పొరలా పరుచుకుంటే చాలు. నా దగ్గర ఒకే దిక్కుకు వరుసకట్టాలి, ఏళ్లకేళ్లు పెరగాలి, ఈడు రాగానే ఆగాలి. కుందేళ్లకు మూలకణాలు పెడితే కొంత ఫలితం వచ్చింది. ఆస్ట్రేలియాలో గొర్రెపిల్లలకు పెట్టి చూస్తే పీచు కణజాలమే మిగిలింది. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం ఇలాంటివి అనుమతి ఉన్న ప్రయోగాల్లో తప్ప ఇవ్వకూడదు. ఒక ఎముకల డాక్టరమ్మ ఇదంతా విప్పిచెప్పి, "భూమి అమ్మకు పెద్దాయనా" అంది. ఆమె మీద నాకు కోపం లేదు.

వంతెనను తొలిచి, ఆ గుంతలో కొవ్వు నింపే పద్ధతి ఫిన్లాండ్ డాక్టర్ లాంగెన్‌షోల్డ్ చూపించాడు. వంతెన సగంకన్నా తక్కువ ఉంటేనే దానికి వీలు. నాలో సగం దాటింది.

వాళ్లు ఎంచుకున్నది ఇంకో దారి. ఎడమ మోకాలి పైన నా జోడు ఉంది, ఏ దెబ్బా తగల్లేదు, రోజూ పని చేస్తోంది. దానికి స్క్రూలు బిగించి పెరుగుదల ఆపుతారట, రెండు కాళ్ల తేడా ఇంకా పెరగకుండా. బాపు సంతకం పెట్టాడు.