సగం బండి గీత లోపల

డిండోలిలో సాయంత్రం ఆరింటికి రోడ్డు ఎందుకు ఆగిపోతుందో ఎట్టకేలకు తేలిపోయింది. కాలేజీ పిల్లలట. ట్యూషన్ క్లాసుల కింద వాళ్లు వరసగా పెట్టే మోపెడ్‌లట. (సూరత్‌లో యాక్టివాను కూడా మోపెడ్ అనే అంటారు. గేరు లేనిదేదైనా అక్కడ మోపెడే.) సొసైటీ పెద్దమనిషి దగ్గర్నుంచి పాన్ గల్లా ముందు నిలబడే రిటైర్డు ఉద్యోగి దాకా అందరిదీ ఒకటే మాట: చదువుకునే పిల్లలకు బండ్లెందుకండీ? ఇంతమంది ఇంత నిబ్బరంగా చెబుతుంటే కాదనడం మర్యాద కాదు.

కాకపోతే ఆ రోడ్డు మీద ఇంకేమున్నాయో చూడకుండా ఉండాలి. టాకాలు, అంటే బట్ట చుట్టలు, దించుకుంటున్న టెంపో ఉంటుంది, అది వ్యాపారం. దుకాణం మెట్లు ఫుట్‌పాత్ దాటి రోడ్డు మీదికి దిగి ఉంటాయి, అది అభివృద్ధి. అద్దాలకు నల్ల ఫిల్మ్ వేసిన పెద్ద కారు ఒకటి ఇంజన్ ఆపకుండా నిలబడి ఉంటుంది, అది ప్రజాసేవ. ఇక మిగిలింది కాలేజీ పిల్ల మోపెడ్. అది అడ్డం.

డిండోలి గురించి తెలియనివాళ్లకు రెండు మాటలు. సూరత్ ఆగ్నేయాన, ఉధ్నా, లింబాయత్‌లను ఆనుకుని ఉన్న పేట. మరాఠీ, హిందీ, ఒడియా, తెలుగు ఒకే గల్లీలో వినిపిస్తాయి. వరంగల్, కరీంనగర్, నల్గొండ జిల్లాల నుంచి సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పనికి వెళ్లిన పద్మశాలి కుటుంబాలకు ఈ చుట్టుపక్కల పేటలే రెండో ఊరు. నగరపాలిక తెలుగు మీడియం బడులు కూడా నడిపిన నగరం అది. తండ్రి పన్నెండు గంటల పాళీ చేస్తాడు, ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. కొడుకో కూతురో సాంచా దగ్గరికి రాకూడదన్నది ఆ ఇంట్లో అందరూ ఒప్పుకున్న ఒకే ఒక్క విషయం. అందుకని పొద్దున కాలేజీ, మధ్యాహ్నం బట్టల మార్కెట్‌లో లెక్కలు రాసే కొలువు, సాయంత్రం ట్యూషన్. వీర్ నర్మద్ విశ్వవిద్యాలయం నగరానికి ఆ చివర, ఉధ్నా–మగ్దల్లా రోడ్డులో ఉంది. మూడు చోట్లా వేళకు కనబడాలంటే మోపెడ్ కావాలి. అది నెలవారీ కిస్తీల మీద వస్తుంది. కిస్తీ కట్టే మనిషి పేరు మీద బండి, బండి పేరు మీద మెమో. ట్రాఫిక్ చలానాను సూరత్‌లో మెమో అంటారు, ఆఫీసు కాగితమన్నంత గౌరవంగా.

మెమో వచ్చే వేడుకను ఏ సాయంత్రమైనా చూడొచ్చు. ముందు మైకు వినిపిస్తుంది. నంబరు ప్లేట్ల మీది అంకెలు చదువుతుంటారు, చాలాసార్లు బండి పైకెక్కించేశాక. క్రేన్ అంటారు గానీ అది వెనక ఇనప చట్రం బిగించిన లారీ. ఇద్దరు కుర్రాళ్లు దూకుతారు. ఒకడు హ్యాండిలు, ఒకడు వెనక కడ్డీ పట్టుకుని ఒక్క ఊపు ఊపుతారు. సైడ్ లాక్ వేసిన బండి మెడ వంచుకున్నట్టే గాల్లోకి లేస్తుంది. అద్దం పక్క బండికి తగిలి పగులుతుంది. దానికి పావతి ఇవ్వరు. రెండడుగుల దూరంలో రోడ్డుకు అడ్డంగా నిలిపిన తెల్లకారు జోలికి మాత్రం పోరు. అందులో పక్షపాతమేమీ లేదు, ఆ చట్రంలో కారు పట్టదు. న్యాయం లారీ కొలతను బట్టి నడుస్తుంది.

పై అంతస్తు కిటికీలోంచి ఎవరో కేకేస్తారు. బ్యాలెన్స్ షీటు రెండు వైపులూ కలవకముందే క్లాసు క్లాసంతా మెట్ల మీద ఉంటుంది. లారీని పట్టుకున్నవాళ్లు బతిమాలుకుంటారు, పట్టుకోలేనివాళ్లు ఇంటికి ఫోన్ చేస్తారు.

“బాపూ, బండి లేపుకపోయిండ్రు.”

“ఏడ వెట్టినవ్ రా?”

“క్లాసు కిందనే. పార్కింగ్ల చెప్పుల దుకాణం ఉన్నది, యాడ వెట్టాలె మరి?”

అవతల సాంచాల చప్పుడు. “ఎంతనట?”

“మెమో పైసలు వేరే, క్రేన్ పైసలు వేరేనట.”

“పగార్ కింక అయిదు దినాలున్నది. సేఠ్‌ని అడిగి చూస్త తియ్. నువ్వయితే క్లాసు ఇడువకు.”

ఇందులో చట్టవిరుద్ధం ఏమీ లేదు. మోటారు వాహనాల చట్టం 127వ సెక్షన్ ప్రకారం నిషిద్ధ స్థలంలో ఆపిన బండిని యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి తీయించెయ్యవచ్చు. ఇలాంటి తప్పులకు పడే 177వ సెక్షన్ జరిమానాను కేంద్రం 2019లో 100 నుంచి 500 రూపాయలకు పెంచింది. అప్పట్లో గుజరాత్ ప్రభుత్వానికి జనం మీద ఎంత జాలి కలిగిందంటే, ఆ సెప్టెంబరులోనే చాలా జరిమానాలను సగానికి సగం కోసేసింది. హెల్మెట్ లేకపోతే కేంద్రం వెయ్యి అంటే గుజరాత్ 500 చాలంది. ముగ్గురెక్కితే వెయ్యి బదులు 100 అంది. తల పగిలే తప్పులకు రాయితీ దొరికింది. రోడ్డు పక్కన కదలకుండా నిలబడి ఎవరి కాలూ విరగ్గొట్టని బండి మీద మాత్రం లారీ దండయాత్ర.

ఇంతకీ ఆ చెప్పుల దుకాణం పార్కింగ్‌లోకి ఎలా వచ్చిందన్నది అడగకూడని ప్రశ్న కాబట్టి అడుగుదాం.

పార్కింగ్ చూపించకుండా ప్లాను పాసు కాదు. గుజరాత్‌లో 2017లో వచ్చిన సమగ్ర అభివృద్ధి నియంత్రణ నిబంధనల్లో ఎంత కట్టడానికి ఎంత చోటు వదలాలో పద్దు రాసి ఉంది. బిల్డరు చక్కగా గీయిస్తాడు. గీతలు, బాణాలు, రాంపు, అన్నీ. చూస్తే మనకే అక్కడ బండి పెట్టుకోవాలనిపిస్తుంది. బీయూ, అంటే భవనం వాడుకోవడానికి అనుమతి, చేతికొచ్చిన తర్వాత కింది భాగానికి షట్టర్లు దిగుతాయి. ఒక షట్టరులో చెప్పులు, ఒకదాంట్లో మొబైల్ రిపేరు, ఇంకోదాంట్లో వడాపావ్. సెల్లార్ అంటే ఏమిటో అమీర్‌పేటలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో కోచింగ్ తీసుకున్న తెలుగువాళ్లకు ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు. అక్కడ కార్లు తప్ప అన్నీ ఉంటాయి.

దీన్ని పాలిక చూడదా? చూస్తుంది. చూసి, మందు కూడా కనిపెట్టింది ప్రభుత్వం. దాని పేరు ఇంపాక్ట్ ఫీజు. అక్రమ కట్టడాల క్రమబద్ధీకరణ చట్టం గుజరాత్‌లో 2001లో ఒకసారి వచ్చింది. ఇదే చివరిసారి అనుకున్నవాళ్లకు 2011లో మళ్లీ వచ్చింది. 2022 అక్టోబరులో ఆర్డినెన్సుగా వచ్చి డిసెంబరులో చట్టమయింది. గడువు ముగిసినప్పుడల్లా పొడిగిస్తూ పోయారు. మనం నవ్వడానికేం లేదు. 2007 చివర్లో మనమూ బీపీఎస్ పేరుతో ఇలాంటిదే పెట్టుకున్నాం, 2015లో రెండు తెలుగు రాష్ట్రాలూ పోటీపడి మళ్లీ పెట్టుకున్నాయి.

2022 చట్టంలో పార్కింగ్ దగ్గర ఒక అందమైన ఏర్పాటుంది. ఉండాల్సిన పార్కింగ్‌లో సగం చూపిస్తే చాలు. అది ఆ భవనంలోనే ఉండాలని లేదు, 500 మీటర్ల లోపు ఎక్కడున్నా సరే. మిగతా సగానికి డబ్బు కట్టేయొచ్చు. కట్టాక ఆ లేని పార్కింగ్ ఉన్నదాంతో సమానం. ఒకసారి కడితే జీవితాంతం. అదే రోడ్డు మీద కాలేజీ పిల్ల కట్టేది ఎన్నిసార్లు లేపితే అన్నిసార్లు. భవనం అర కిలోమీటరు దూరంలో ఉన్న చోటును తన పార్కింగ్ అని చెప్పుకోవచ్చు. మోపెడ్ వెనక చక్రం తెల్లగీత మీదికి జానెడు వస్తే తప్పు. చోటు మింగినవాడికి క్రమబద్ధీకరణ, చోటు దొరకనివాడికి క్రమశిక్షణ.

ఇక్కడ వెటకారం కాసేపు పక్కన పెట్టాలి. 2019 మే 24న ఇదే సూరత్‌లో, సర్థాణాలోని తక్షశిల ఆర్కేడ్ పై అంతస్తులో నడిచే కోచింగ్ క్లాసుకు మంటలంటుకుని 22 మంది చనిపోయారు. చాలామంది పదో తరగతి, ఇంటరు వయసు పిల్లలు. కిటికీల్లోంచి దూకుతున్న పిల్లల వీడియో దేశమంతా చూసింది. పాలిక అధికారులు కూడా అరెస్టయ్యారు. భవనాల్లో ఏది ఎక్కడ ఉండాలి, ఏది లేదు అని లెక్క చూసే పని సరదా పని కాదని ఆ రోజు తెలిసింది. ఆ తర్వాత నోటీసులు, సీళ్లు, కొన్నాళ్లు క్లాసుల మూత. అప్పుడూ నష్టపోయింది పరీక్షలున్న పిల్లలే.

అంతకు రెండున్నర దశాబ్దాల ముందు, 1994 ప్లేగు తర్వాత, ఎస్.ఆర్. రావు అనే కమిషనర్ ఇదే నగరాన్ని రెండేళ్లలో దేశంలో శుభ్రమైన నగరాల వరసలో నిలబెట్టారు. అక్రమ కట్టడాలు పడగొట్టేటప్పుడు పెద్దవాళ్లవి కూడా వదల్లేదన్నదే ఆయనకు పేరు తెచ్చింది. ఆయన్ని సూరత్ ఇప్పటికీ తలుచుకుంటుంది, సభల్లో.

బిల్డర్ల తరఫున వాదించేవాళ్లకు ఒక ఆయుధం నేనే అందిస్తాను. కాలిఫోర్నియాలో డొనాల్డ్ షూప్ అనే ఆచార్యుడు ఉండేవాడు. భవనం కట్టే ప్రతివాడూ ఇంత పార్కింగ్ వదిలి తీరాలనే నిబంధనలే నగరాలను చెడగొట్టాయని 2005లో లావుపాటి పుస్తకం రాశాడు. అమెరికాలో చాలా నగరాలు ఆయన మాట విని ఆ నిబంధనలు ఎత్తేశాయి. మన బిల్డరు ఆ పుస్తకం తెరవకుండానే తూచా తప్పకుండా ఆచరించాడు. అయితే షూప్ ఇంకో మాట కూడా అన్నాడు: రోడ్డు పక్క చోటుకు సరైన ధర పెట్టి, వచ్చిన డబ్బును ఆ వీధికే, దాని ఫుట్‌పాత్‌కీ చెట్లకీ దీపాలకీ ఖర్చుపెట్టమన్నాడు. ఆ పేజీలు మన ప్రతిలో ఊడిపోయినట్టున్నాయి. డిండోలి నుంచి లేపిన మోపెడ్ల డబ్బుతో డిండోలిలో ఒక సైకిల్ స్టాండు లేచిందని ఎవరైనా చూపిస్తే ఈ వ్యాసం వెనక్కి తీసుకుంటాను.

ఊరికీ విద్యార్థులకూ పడకపోవడం కొత్తేమీ కాదు. అమెరికాలో చదివే మన పిల్లల్ని అడగండి, పార్కింగ్ టికెట్ బాకీ ఉంటే చాలా విశ్వవిద్యాలయాలు వచ్చే సెమిస్టరు రిజిస్ట్రేషనే ఆపేస్తాయి. ఇంకా వెనక్కి పోతే ఆక్స్‌ఫర్డ్ ఉంది. 1355 ఫిబ్రవరి 10న ఒక సారాకొట్లో ద్రాక్షసారా బాగాలేదని విద్యార్థులు గొడవపడ్డారు. అది ముదిరి ఊరికీ విద్యార్థులకూ మధ్య రక్తపాతమైంది, పదుల సంఖ్యలో చచ్చారు. శిక్షగా ఆ ఊరి మేయరు, పెద్దలు ఏటా చర్చికి వెళ్లి తలో పెన్నీ చెల్లించుకోవాల్సి వచ్చింది. 1825లో ఒక మేయరు నేను పోనని మొరాయించే దాకా, అంటే దాదాపు 470 ఏళ్లు, అది సాగింది. గమనించండి, విద్యార్థులకు ఊరు కట్టిన జరిమానా అది. ఈ చరిత్ర మన పిల్లల చేతుల్లో పడకుండా సిలబస్‌వాళ్లు జాగ్రత్తపడాలి.

ఆక్స్‌ఫర్డ్ దాకా ఎందుకు, గుజరాత్ సొంత తెలివే చాలు. భవనాలకు పనికొచ్చిన మందు మోపెడ్‌కు పనికిరాదా? అందుకే ప్రభుత్వానికి సవినయంగా ఒక ముసాయిదా సమర్పిస్తున్నాను: అనధికారికంగా నిలిపిన ద్విచక్ర వాహనాల క్రమబద్ధీకరణ పథకం.

విద్యార్థి తన బండిలో సగం గీత లోపల చూపిస్తే చాలు. ముందు సగమా వెనక సగమా అన్నది అతని ఇష్టం. మిగతా సగానికి జీవితంలో ఒకసారి రుసుం కడితే అది కూడా లోపలున్నట్టే పరిగణించబడును. సగం కూడా చూపలేనివాళ్లు 500 మీటర్ల లోపు ఏదైనా ఖాళీ చోటును వేలితో చూపించవచ్చు, బండి అక్కడ పెట్టనక్కర్లేదు. బండి కొన్నప్పుడు ఇచ్చిన బొమ్మలో అది బుద్ధిగా స్టాండు వేసుకుని నిలబడి ఉంటుంది కనుక, అసలు బండి ఎక్కడున్నా ఆ బొమ్మనే ప్రమాణంగా తీసుకోవాలి, ప్లాన్లకు చేస్తున్నట్టే. క్రేన్ కుర్రాళ్లకు పని పోతుందన్న బెంగ వద్దు. వాళ్లూ డిండోలి లాంటి పేటల పిల్లలే, రోజుకూలీ మీద దూకేవాళ్లే. వాళ్లను చెప్పుల దుకాణం ముందు నిలబెట్టి మైకు ఇవ్వాలి. షట్టరు మీది నంబరు చదివి, అయిదు నిమిషాల్లో దుకాణం తీయకపోతే లేపుకుపోతామని చెప్పాలి. చట్రంలో పట్టదంటారా? ఆ సంగతి లారీ వచ్చాక చూసుకోవచ్చు.

దీనివల్ల అరాచకం ప్రబలుతుందని, డబ్బు కట్టి తప్పు చేసే అలవాటు పిల్లలకు వస్తుందని సొసైటీ పెద్దమనిషి అభ్యంతరం చెప్పవచ్చు. ఆయన మాటలో నిజముంది. ఆయన తన మూడో అంతస్తుకు కట్టిన రసీదు బీరువాలోంచి తీసి చూపించి మరీ చెబితే పిల్లలకు ఇంకా బాగా ఎక్కుతుంది.

దరఖాస్తుకు ఆరు నెలల గడువు. దాటిపోతే కంగారు పడొద్దు, పొడిగిస్తారు.